రేంజ్‌కి వంక పెట్టలేం గానీ, ఆ పింగ్ పేజీ ఉంది చూశారూ...

కొన్న కొత్తలో ఈ రౌటర్ గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తెగ చెప్పా, పెట్టేసి మర్చిపోవచ్చు అని. రేంజ్ వరకు అయితే సరే, చివరి గదిలో కూడా వీడియో ఆగదు. స్పీడు, యాంటెనాలు అవన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా సెట్టింగుల్లో డయాగ్నస్టిక్స్ అనే పేజీతో. అక్కడ ఐపీ అడ్రస్ కొట్టి పింగ్ (ఆ అడ్రస్ పలుకుతోందో లేదో చూసే పరీక్ష) నొక్కే బాక్స్ ఒకటుంటుంది, నిజానికి నెట్ పోయినప్పుడల్లా నాకు పనికొచ్చిందే.

ఈమధ్య రాత్రిళ్లు నెట్ నత్తనడక. రీస్టార్ట్ చేస్తే కాసేపు బానే ఉంటుంది, మళ్లీ అదే కథ. ఫోన్లు, లాప్‌టాప్ అన్నీ తీసేసినా రౌటర్ లైట్ మాత్రం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది, ఇంట్లో ఎవరూ వాడకపోతే ఆ ట్రాఫిక్ ఎవరిదీ? సపోర్ట్ వాళ్లని అడిగితే రీసెట్ చెయ్యండి, చానెల్ మార్చండి, ఇదే పాట. చివరికి మోడల్ నంబర్, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ పెట్టి వెతికితే కమాండ్ ఇంజెక్షన్ (బాక్సులో కమాండ్ దూర్చి నడిపించడం) అని ఒక సీవీఈ, అంటే నంబరిచ్చి బయటపెట్టిన లోపం, దొరికింది, అదీ ఈ పింగ్ బాక్స్ మీదే. అనుమానంతో అడ్రస్ పక్కన సెమికోలన్ పెట్టి ఒక చిన్న లినక్స్ కమాండ్ కొట్టా, పింగ్ రిజల్ట్ కిందే లోపలి ఫైళ్ల లిస్టు వచ్చి కూర్చుంది! అంటే మనం కొట్టింది కొట్టినట్టే షెల్‌కి, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రాముకి, ఇచ్చేస్తోంది, సెమికోలన్ దగ్గర ఒక కమాండ్ అయిపోయిందనుకుని షెల్ రెండోది మొదలెడుతుంది, అదీ రూట్‌గా, అంటే అన్ని అధికారాలతో. ఐపీ అడ్రస్‌లో సెమికోలన్‌కి ఏం పనండీ, ఆ ఒక్క చెక్ పెట్టడానికి ఏం రోగం?

పాస్‌వర్డ్ ఉంది కదా అంటారేమో, ఆ పేజీ వెనకున్న స్క్రిప్ట్ లాగిన్ అడగకుండానే పనిచేస్తోంది, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి ఇంటర్నెట్ నుంచి సెట్టింగులు తెరిచే వీలు) అయితే మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంది. ఇలాంటి దారుల్లో దూరే బాట్‌నెట్ (దొంగచాటుగా చేజిక్కించుకున్న పరికరాల గుంపు) ప్రోగ్రాములు చాలావరకు ర్యామ్‌లోనే ఉంటాయట, కరెంట్ తీస్తే పోతాయి, దారి తెరిచే ఉంటుంది కాబట్టి మళ్లీ దూరతాయి. నా దాంట్లో ఏం దూరిందో చూపించలేను గానీ రిమోట్ ఆపాక రాత్రి గోల ఆగింది. అలాగని అది ఆపితే చాలదు, 2016 డిసెంబర్‌లో నెట్‌గేర్ ఆర్7000 రౌటర్‌లో ఇలాంటి లోపం బయటపడ్డప్పుడు ఏదో ఒక వెబ్ పేజీ తెరిస్తే చాలు, మన బ్రౌజరే రౌటర్‌కి కమాండ్ మోసుకెళ్లేది. ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వచ్చేదాకా వీలైతే వాడటమే ఆపమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ వాళ్లు చెప్పారు. 2023లో టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21 రౌటర్‌లో దేశం ఎంచుకునే సెట్టింగ్‌లోనే ఇదే జబ్బు, దాన్ని మిరాయ్ బాట్‌నెట్ వాడేసుకుంది. వాళ్లు ప్యాచ్‌లైనా ఇచ్చారు. నాకు వచ్చిన జవాబు మాత్రం ఆ మోడల్ ఎండ్ ఆఫ్ లైఫ్ (ఇక అప్‌డేట్లు రావు), కొత్తది కొనుక్కోండి అని.

కొనలేదు, కంపెనీ ఫర్మ్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కించా. ఇప్పుడు రాత్రీపగలూ గొడవ లేదు, అప్‌డేట్లూ వస్తున్నాయి, కాకపోతే చివరి గదిలో సిగ్నల్ ఒక గీత తగ్గింది, ఇందాక పొగిడిన రేంజ్ పాత ఫర్మ్‌వేర్‌తో అన్నమాట. నాకు ఇలాంటివి కెలకడం సరదా కాబట్టి ఇంకా వాడుతున్నా, ఆ ఓపిక లేనివాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికినా దీని జోలికి పోకపోవడమే నయం. నాలాగే మారుద్దామనుకుంటే మాత్రం అడుగున స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చూసుకోండి, పేరు ఒకటే అయినా వీ1, వీ2 లోపల చిప్పులే వేరు, తప్పు ఫైల్ ఎక్కిస్తే రౌటర్ ఇక లేవకపోవచ్చు.