ఏటిమొగలో ఫైబర్ బోటు వెనక పలక మార్పించాను: పనికి పేరు పెట్టలేం, టైం మాత్రం అడక్కండి

మాది 28 అడుగుల ఫైబర్ బోటు, నాన్న హయాంలో కొన్నది. "ఫైబర్‌కి పుచ్చేంట్రా" అనేది ఆయన ధీమా. పైన ఫైబరే గానీ, ఇంజిన్ తగిలించే వెనక పలక లోపల ఉన్నది ప్లైవుడ్డేనన్న సంగతి ఇంట్లో అందరం మర్చిపోయాం. ఇంజిన్ రేస్ చేస్తే పలకంతా ఊగడం మొదలెట్టాక గుర్తొచ్చింది.

నిరుడు ఒకాయన పగుళ్ల మీద రెండు పొరలు మ్యాట్ (గాజు నార పరుపు) వేసి, రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు) పూసి ఎనిమిది వేలు తీసుకున్నాడు. ఆరు నెలలకి మళ్లీ అక్కడే పగిలింది. ఈసారి ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం సమయంలో కాకినాడ ఏటిమొగలో ఒక రేకుల షెడ్డుకి పట్టుకెళ్లాను.

మేస్త్రీ రేటు మాట ఎత్తలేదు. చిన్న సుత్తితో పలకంతా తట్టుకుంటూ వచ్చి, "ఇటు చెవి పెట్టండి బాబూ" అన్నాడు. అంచుల్లో టంగుమంటోంది. బోల్టుల చుట్టూ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. అక్కడ డ్రిల్లు పెడితే టీ వడకట్టిన పిప్పిలాంటి నల్లటి ముద్ద బయటికొచ్చింది. బోల్టు కన్నాలకి ఎవరూ సీలు పెట్టలేదట, నీళ్లు ఏళ్ల తరబడి అక్కడినుంచే దిగాయి. నిరుడు మేం ఎనిమిది వేలిచ్చి ఆ తడిని లోపలే మూసేశామన్నమాట!

లోపలి ఫైబర్ పొర కోసి, పుచ్చిన చెక్కంతా ఉలితో గీకేశాడు. నాలుగు రోజులు ఎండనిచ్చాడు. 710 ముద్ర (మెరైన్ ప్లైకి ఉండే IS ప్రమాణం నంబరు) ఉన్న మెరైన్ ప్లై, 18 మిల్లీమీటర్లవి రెండు షీట్లు ఎపాక్సీ జిగురుతో అతికించి బిగించాడు. పైన మ్యాట్ వేసే పని మాత్రం తెల్లవారుజామున ఐదింటికే. మే ఎండలో హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే మందు) కలిపితే రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టేస్తుందట. నాకు బాగా నచ్చింది బోల్టు కన్నాల పని. వాటిని పెద్దవిగా తొలిచి, ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ కన్నం వేశాడు. ఇక బోల్టు పక్కన తడి దిగినా చెక్కకి తగలదు.

మొత్తం 34 వేలయింది. ఎక్కువే, కానీ పుచ్చు చెక్క గోనెసంచిలో పోసి చూపించాక బేరమాడటానికి నోరు రాలేదు.

టైం దగ్గరే గొడవ. పది రోజులన్నాడు, 23 పట్టింది. ఫోన్ చేస్తే "రేపు వచ్చేయండి బాబూ" అంటాడు, వెళ్తే ఇంకో బోటు మీద ఉంటాడు. నిషేధం ముగిసే జూన్ 14 దగ్గరపడేకొద్దీ టెన్షన్ నాదీ, టీ ఆయనదీ. పెయింటు కూడా పాతదానికి కలవలేదు, వెనక నుంచి చూస్తే వేరే బోటులా ఉంది. మళ్లీ వేటకి వెళ్లడం మొదలుపెట్టి రెండు నెలలవుతోంది. సుత్తితో తడితే పలక అంతటా టంగుమంటోంది.

గ్రైండింగ్ రోజు వెళ్తే ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి. నేను బనీనుతో వెళ్లి, ఫైబర్ పొడి ఒంటికి పట్టి రెండు రాత్రులు గోక్కుంటూ కూర్చున్నాను.