గురుకులమా, ఊరి బడిలోనే ప్రత్యేక శ్రద్ధా?

ఐదో తరగతి గురుకుల ఎంట్రన్స్ వస్తుందంటే నర్సంపేట, పరకాల వైపు కూలి చేసుకునే ఇళ్లల్లో ఇదే టెన్షన్.

ఖర్చు: గురుకులంలో తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ సర్కారువే. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం వస్తాయి, మిగతావి ఇంటివే. అయితే ఎనిమిదిలో పరీక్ష రాసి తెచ్చుకునే, పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు, గురుకులాల్లాంటి సర్కారు హాస్టల్ బడుల పిల్లలకు రాదు. ఇది చాలామందికి తెలియదు, తెలియాలి.

శ్రమ: గురుకులానికి సీటు వచ్చేదాకే పరుగు. ఊరి బడికైతే నెలకోసారైనా వెళ్లి సారును కలవాలి.

రిస్క్: అక్కడ ఇంటి బెంగ. ఇక్కడ పత్తి ఏరే రోజుల్లో డుమ్మాలు. ఒక్కో పిల్లను విడిగా పట్టించుకునే టీచర్ ఉంటే ఈ రిస్క్ చాలా తగ్గుతుంది. రిజిస్టర్‌లో వరసగా ఆబ్సెంట్లు పడగానే సాయంత్రం ఇంటికొచ్చి అడిగే మేడమ్ కావాలి. బోర్డు కనిపించక వెనకబడ్డ పిల్లకు కళ్లద్దాలు కావాలి, ట్యూషన్ కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ప్రతి పిల్లకూ ఏం కావాలో చూసి అందించే సిటీ కనెక్ట్స్ పద్ధతిలో చిన్న తరగతులు చదివినవాళ్లలో, హైస్కూల్లో చదువు మానేసినవాళ్లు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. చిన్నప్పటి శ్రద్ధ అంత దూరం వస్తుంది.

ఇంట్లో పూట గడవకపోయినా, అమ్మానాన్న వలస వెళ్లినా గురుకులమే మేలు. ఇల్లు కుదురుగా ఉండి, బడిలో అలాంటి టీచర్ ఒక్కరున్నా ఊళ్లోనే ఉంచండి.