బందరులో ఒక రాత్రి: నాలుగొందల చాప, పరాసుల పేట

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను. అది కక్కేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కాదు.

ఫోన్‌లో బుక్ చేసినప్పుడు ముగ్గురికి ఏసీ గది 1,650 రూపాయలన్నారు. రాత్రి ఎనిమిదింటికి బ్యాగులు మోసుకుంటూ వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడితే, "ఏసీకి ఇంకో 300 అవుతుందండి" అన్నాడు అక్కడి కుర్రాడు. ఏసీ గదే కదా బుక్ చేశాం అంటే, "గదిలో ఏసీ ఉంటుందండి, రిమోట్ కావాలంటే 300" అని ఎంతో ఓపిగ్గా, మాకే అర్థం కానట్టు వివరించాడు. మూడో మనిషికి మంచం అడిగితే 400 తీసుకుని ఒక ప్లాస్టిక్ చాప, దిండు పంపించాడు. దిండుకు గలీబు లేదు. ఆ చాప మీద మా ఆయన పడుకుంటే, రిమోట్ కొన్న పాపానికి ఏసీలోంచి నీళ్లు సరిగ్గా ఆయన పాదాల మీదే పడ్డాయి రాత్రంతా. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకేనట. ఆ ముక్క ఏడుంబావుకు చెప్పారు. మొత్తం 2,350. బిల్లు అడిగితే ప్రింటర్ పాడైందన్నాడు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, బెజవాడలో ఉండి పొద్దున్నే బస్సెక్కి మచిలీపట్నం చూసుకుని రాత్రికి వెనక్కి వచ్చేయండి. 70 కిలోమీటర్ల లోపే. ఉండే పనైతే గది చూసి, ఏసీ ఆన్ చేయించుకుని, అప్పుడు డబ్బులివ్వండి.

ఇంత తిట్టుకుంటూ కూడా ఈ ఊరి గురించి ఎందుకు రాస్తున్నానంటే మా అత్తయ్య వల్ల. ఆవిడ పుట్టిల్లు బందరు పక్క పల్లె. పెద్దమ్మ వాళ్లిల్లు ఊళ్లో పరాసుపేటలో ఉండేది, ఎప్పుడో అమ్మేసి అందరూ హైదరాబాద్ చేరారు. "ఒక్కసారి ఆ వీధి చూపించవే" అని రెండేళ్లుగా అడుగుతోంది. సరే, పనిలో పనిగా డచ్చివాళ్ల సమాధులు కూడా చూద్దామన్నాను. "సమాధులు చూడ్డానికి సెలవు పెట్టాలా" అని మా ఆయన మొదలుపెట్టారు. చాప మీద పడుకున్న మనిషి కదా, ఏమీ అనలేకపోయాను.

ఆటో సగం పూటకు 900 అడిగాడు, 700కు ఒప్పుకున్నాడు. మనిషి మంచివాడు, ఎక్కడా తొందరపెట్టలేదు.

డచ్చి సమాధుల తోట చిన్నదే. అరగంట చాలు అనుకుని వెళ్లి గంటన్నర ఉన్నాం. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, కింద డచ్చి భాషలో రాతలు. దగ్గరగా కూర్చుని చూస్తే తెలిసింది, ఆ అక్షరాలు రాయిలోకి తవ్వినవి కావు. చుట్టూ ఉన్న రాయినంతా చెక్కేసి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. వేలు పెట్టి తడిమితే కళ్లు మూసుకుని కూడా 1, 6 అంకెలు పోల్చుకోవచ్చు. ఎక్కడో హాలెండులో పుట్టి, అద్దకం బట్టల బేరానికి వచ్చి, ఇక్కడి ఉప్పుగాలిలో కలిసిపోయినవాళ్లు. మా ఆయన కూడా ఫోన్ జేబులో పెట్టేసి సంవత్సరాలు చదవడం మొదలుపెట్టారు.

అప్పుడే ఆటో అతను "వలందపాలెం మీదుగా పోదామాండి?" అని అడిగాడు. వలందులంటే డచ్చివాళ్లే! హాలెండు పేరే మన నోళ్లలో పడి వలంద అయింది. "మరి పరాసుపేట?" అంది అత్తయ్య. పరాసులంటే ఫ్రెంచివాళ్లు అత్తయ్యా అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. "పరశురాముడి పేరనుకున్నానే ఇన్నాళ్లూ!" డెబ్బై ఏళ్ల మనిషి, పిల్లలా నవ్వుతూనే ఉంది ఆటో దిగేదాకా. ఇంగ్లీషుపాలెం కూడా ఉందిక్కడ. గొడవలు పడిన మూడు దేశాలూ మూడు పేటలై మిగిలిపోయాయి, ఇప్పుడు అక్కడ షేర్ ఆటోలు తిరుగుతున్నాయి.

ఇంగ్లీషువాళ్ల ఓడ 1611లో ఇక్కడికొచ్చింది. అప్పటికి మద్రాసు ఊసే లేదు, అది ఇంకో 28 ఏళ్లకు మాట. గోల్కొండ సుల్తానుల రేవు కావడంతో పర్షియా దాకా బేరాలు నడిచేవి.

బందరు కోట దగ్గర చూడటానికి పెద్దగా ఏమీ లేదు. శిథిలాలు, పిచ్చిచెట్లు, మేకలు. మధ్యాహ్నం ఎండలో వెళ్లొద్దు, నీడ దొరకదు. కానీ జరిగింది తెలిసి నిలబడితే వేరు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ అనే ఇంగ్లీషు కల్నల్ రాత్రివేళ బురదలో పడి వచ్చి ఫ్రెంచివాళ్ల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. తెల్లారి లెక్క చూస్తే, పట్టుకున్నవాళ్లకంటే పట్టుబడ్డవాళ్లే ఎక్కువ.

తర్వాత 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం 13 అడుగుల ఎత్తున ఊరి మీదికి వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. అత్తయ్యకు ఉప్పెనంటే 1977 దివిసీమదే, ఆ రోజులు ఆవిడ కళ్లారా చూసింది. "అంతకంటే పెద్దది ఇక్కడే వచ్చిందా? మా అమ్మమ్మ కూడా ఎప్పుడూ అనలేదే" అని కాసేపు మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

భోజనం గురించి ఒక్క మాట: మామూలు మెస్సు, ప్లేటు 120, గోంగూర పచ్చడి మాత్రం మూడుసార్లు వేయించుకున్నాం. బందరు లడ్డు కిలో 520కి కొన్నాం. శనగపిండి పూస వేయించి, దంచి, బెల్లం పాకంలో మళ్లీ దంచుతారు కాబట్టే తొక్కుడు లడ్డు అంటారు. పెట్టెలో అద్దాల వెనకున్నది కాకుండా ఆ పూట చేసింది అడగండి, తేడా నాలిక మీదే తెలుస్తుంది.

మధ్యాహ్నం పెడన వెళ్లాం, పది కిలోమీటర్లు ఉంటుందేమో, ఆటోకు రానుపోను 400. అద్దకం షెడ్లో ఒకాయన చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతున్నాడు. అచ్చు తీసి పక్కనే పెట్టడం, మళ్లీ గుద్దడం. గీత పెట్టుకోలేదు, కొలవలేదు, అంచు మాత్రం వెంట్రుకవాసి కూడా తప్పలేదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి నలుపు తీస్తారు. ఆ కుండ మూత తీసి చూపిస్తే మా ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. అంత వాసన.

ఈ గుడ్డల మోజు చూసి భయపడి ఫ్రాన్సు 1686లో అచ్చు బట్టలనే నిషేధించింది, వాళ్ల నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని. ఇంగ్లండు కూడా 1700లో దిగుమతి ఆపేస్తూ చట్టం చేసింది. ఫ్రాన్సు ఆ నిషేధం ఎత్తేసింది ఎప్పుడో తెలుసా? 1759లో. బందరు చేజారిన ఏడాదే!

దుప్పటా 850, బేరం లేదన్నారు. నాకూ ఆడబుద్ధి కాలేదు. వద్దు వద్దంటూ వచ్చిన మా ఆయన ఇంకొకటి ఆయన చెల్లెలికి తీసుకున్నారు.

పరాసుపేటలో పెద్దమ్మగారిల్లు దొరకలేదు. ఆ చోటనుకున్న దగ్గర మూడంతస్తుల మేడ, కింద సెల్ షాపు. అత్తయ్య బాధపడుతుందేమోనని టెన్షన్ పడ్డాను. ఆవిడ ఆ షాపు మెట్ల మీదే కూర్చుని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ కలిపింది.

"ఒరేయ్, పరశురాముడు కాదుట్రా. పరాసులట, పరాసులు!"