రెండు మగ గినీ పిగ్స్, నడుమ జాలీ, కింద కడప బండ

కడపలో రెండు ఎండాకాలాలు చూసిన బోను ఇది. ఒకచోట వదిలితే రక్తం వచ్చేలా కరుచుకునే రెండు మగ గినీ పిగ్స్ కోసం కట్టింది. 14 అంగుళాల గ్రిడ్ పలకలు 2×6 (వెడల్పున రెండు, పొడవున ఆరు), అడుగున ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు. నడుమ జాలీ పెడితే ఒక్కోదాని వాటా 2×3. ఇంతకన్నా చిన్న బోనును సగం చేస్తే రెండిటికీ ఇరుకే. గడ్డి, సి విటమిన్ సంగతులు పెంచేవాళ్లకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

బాగా నచ్చింది బండ. ఎర్రగుంట్ల వైపు పాలిష్ యూనిట్‌లో మిగిలిన ముక్క, అంగుళం మందం. రెండు వాటాల్లోకీ వచ్చేలా జాలీ కింద వేస్తే, పొద్దున పదకొండు దాటేసరికి రెండూ చెరోవైపు నుంచి వచ్చి దాని మీదే ఒళ్లు చాపేవి. ఒకదాన్ని చూస్తే ఒకటి పళ్లు పటపటలాడించే శత్రువులు ఒకే రాతి చల్లదనాన్ని పంచుకునేవి! చల్లదనానికి అమ్మే జెల్ మ్యాట్లతో ఈ ముచ్చట లేదు, వాటిని ముందు కొరికి చూస్తాయి.

కొంప ముంచింది కూడా ఆ బండే. జాలీ అడుగు అంచు బండ మీద ఆనడంతో కింద కేబుల్ టై (ప్లాస్టిక్ పట్టీ) కట్టే వీలు లేకపోయింది, పక్కలా పైనా మాత్రమే కట్టి ఉంది. పక్క టైలను పెద్దది రాత్రుళ్లు కొరికింది. అవి తెగాక జాలీ వాకిలికి వేలాడదీసిన కర్టెన్‌లా తయారైంది: తలతో నెడితే తెరుచుకుంటుంది, దూరాక మూసుకుంటుంది, బయటి నుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టు. తెల్లారి రెండూ ఒకే వాటాలో, ఒకదాని చెవి చిరిగి ఉంది. దాక్కునే గూడుకు ఒకటే ద్వారం కావడంతో లోపల నక్కినదానికి పారిపోయే దారి లేదు. అప్పటి నుంచి రెండు ద్వారాల గూళ్లే.

ఇప్పుడు బండలు రెండు. బోను లోపలి వెడల్పు 27 అంగుళాలు కాబట్టి 27×9 కొలతకు కోయించి, అంచుల పదును తీయించి, జాలీకి చెరోవైపు ఆనించాను. ఒక్కోటి పది కిలోల పైమాటే, జాలీ అడుగు అంచు వాటి నడుమ బిగుసుకుపోతుంది. టైలన్నీ తీసేసి నాలుగు అంగుళాలకొక బైండింగ్ వైరు కట్టు వేశాను. మెలితిప్పిన కొసలను పట్టకారుతో నొక్కి మడవకపోతే కళ్లకు ప్రమాదం. ఒక వరస జాలీ చాలని మొదట్లో అనుకున్నాను, అది సగమే నిజం. గ్రిడ్ కన్నంలోంచి మూతి దూరుతుంది, అవతలిది అందుకుంటుంది. అందుకే అడుగు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు వరకు అర అంగుళం వెల్డ్ మెష్ అదనంగా కట్టాల్సి వచ్చింది. గడ్డి బుట్టలు కూడా జాలీకి దూరంగా, ఎదురు మూలల్లో ఉంటేనే తిండి ప్రశాంతంగా సాగుతుంది.

ఇంకో తప్పు చేయకండి. గినీ పిగ్ మూత్రం ఎండితే తెల్లటి పొర కడుతుంది. సన్‌ప్యాక్ మీద దానికి వెనిగర్ బాగా పనిచేస్తుంది. బండ మీద పోయొద్దు. కడప బండ సున్నపురాయి, వెనిగర్ తగిలితే నురగ కట్టి పాలిష్ పోతుంది, ఆ గరుకులోకి మూత్రం ఇంకితే వాసన వదలదు. వేడినీళ్లు, కొంచెం సబ్బు, పాత ఏటీఎం కార్డుతో గీకడం, ఆపైన నీడలో ఆరబెట్టడం, అంతే.

చల్లదనం గురించి కూడా ఒక మాట. ఏప్రిల్ దాకా బండ నిజంగా ఆదుకుంటుంది. మేలో గదే కాగిపోతుంటే సాయంత్రానికి బండా గోరువెచ్చనే. గది 26 డిగ్రీలు దాటితేనే వీటికి వడదెబ్బ ముప్పు మొదలు, కాబట్టి బండ ఉంది కదా అని కూలరో ఏసీయో ఆపలేం. డిసెంబరులో దాని మీద ఫ్లీస్ గుడ్డ కప్పాలి.

మాది కింది ఇల్లు, బోను నేల మీదే ఉంటుంది, అందుకే ఈ బరువు చెల్లింది. టేబుల్ మీద బోను పెట్టేవాళ్లకు, మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లకు ఇరవై కిలోల రాయి మోయమని చెప్పలేను. లేత మగవి గుర్రుమంటూ నడుము ఊపుకుంటూ తిరగడం వరకే ఉంటే అసలు జాలీయే అక్కర్లేదు, రక్తం చూశాకే ఈ ఖర్చు. అదే గదిలో ఆడదాన్ని కూడా ఉంచే ఇల్లయితే, ఎంత గట్టి జాలీ కట్టినా రెండు మగవీ నెమ్మదిస్తాయన్న నమ్మకం నాకు లేదు.