మూడు గీరల బండి: మూడు నెలలు వాడినంక

మా చిన్నోనికి 13వ నెల పడ్డంక, పరకాల దగ్గర మా తల్లిగారి ఊర్ల కర్ర పని చేసే వడ్లాయనతోని ఒక నడక బండి చేయించుకున్నం. కర్రతోని చేసిన మూడు గీరల బండి. 1,300 రూపాయలు తీసుకున్నడు. నవంబరు ఆఖర్ల చేతికొచ్చింది, మూడు నెలలు దాటింది. కాజీపేటల మా ఇంటికి వచ్చినోళ్లందరు "ఎక్కడ కొన్నరు, మంచిగుంటదా, పిల్లగాడు పడడా" అని అడుగుతున్నరు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మంచి, చెడు రెండూ ఇక్కడ రాస్తున్న.

అంతకుముందు మా ఇంట్ల ప్లాస్టిక్ వాకర్ ఉండె. నడుమ సీటు, చుట్టూ గుండ్రటి బల్ల, కింద చిన్న చిన్న గీరలు, బటన్ నొక్కితే పాట. తొమ్మిదో నెలల చుట్టాలు ప్రేమతోని తెచ్చిండ్రు. మాది కింది పోర్షను, రెండు అర్రలు, నున్నటి షాబాదు బండలు. హాలు కంటె వంటింటి నేల రెండు అంగుళాలు దిగువ. ఒకరోజు పొద్దున నేను వంటింట్ల బియ్యం కడుగుతున్న. మా ఆయన లోకోషెడ్డుల నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు, అత్తమ్మ తులసికోట కాడ ఉన్నది. వాడు హాలు ఆ చివరన ఉండె. నన్ను చూసి నవ్విండు, కాలి వేళ్లతోని నేలను ఒక్కసారి తన్నిండు. నేను గిన్నె కింద పెట్టేలోపట ముందటి గీరలు కడప దిగినయ్. వాకరు వాణ్ని పట్టుకొనే బోర్లపడ్డది, నుదురు బియ్యం డబ్బా అంచుకు తాకింది. నిమ్మకాయంత బుడిపె లేచింది. ఫ్రిజ్‌ల ఉన్న పాల ప్యాకెట్టు బట్టల చుట్టి అదిమి పట్టుకొని, తడి చీరతోనే ఆటో ఎక్కిన.

డాక్టరు గారు కండ్లల్ల లైటు వేసి చూసిండు. కక్కుకున్నడా, మత్తుగ ఉన్నడా అని అడిగిండు. ఒక రోజంత కనిపెట్టుకొని ఉండుమన్నడు. దేవుని దయ, బుడిపె మూడు రోజులల్ల తగ్గిపోయింది. వాకరు సంగతి మాత్రం ఆయన గట్టిగనే చెప్పిండు. కెనడాల 2004 నుంచి వీటి అమ్మకమే బందు, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఆపేయాల్నని అడుగుతున్నది. సెకండుకు మూడడుగుల పైననే ఉరుకుతది, పక్కనే ఉన్న తల్లి కూడా అందుకోలేదు. పైగా అండ్ల పిల్లలు సీటు మీద వేలాడుకుంట వేళ్ల మొనలతోని తంతరు. సొంత పాదాలు వాళ్లకు కనపడయ్, ఒళ్లు నిలుపుకునుడు రాదు. నడక తొందరగ వస్తదని మనం కొంటం, అది ఆలస్యం కూడా అయితదన్నడు.

నేను అత్తమ్మ బెంగ కూడా అడిగిన. పక్కింటి పిల్ల పదో నెలలనే నడిచింది, మావోడు ఇంక గోడ పట్టుకొనుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 8 నెలలు దాటిన కాడ నుంచి 17న్నర నెలల దాక ఎప్పుడు ఒంటిగ నడిచినా మామూలే అని చెప్పిండు. ఆ మాట అత్తమ్మకు చెప్పినంక ఆ రాత్రి ఆమె మంచిగ అన్నం తిన్నది. వాకర్ గీరలు ఊడదీసి పాత సామానుకు వేసినం. ఇంకో ఇంటికి ఇయ్యబుద్ధి కాలేదు.

ఇదంత ఫోన్‌ల విని మా అమ్మ, "మీ అన్నకు, నీకు గీరల బండి మీదనే గద నడక వచ్చింది, ఊరికి రాండ్రి" అన్నది. ఆ ఆదివారమే పోయినం. వడ్లాయన నాకు ఊరి వరుసల పెద్దబాపు. ఇప్పుడు ఆయనకు నాగండ్ల పని లేదు, ఎడ్లబండ్ల పని లేదు. దర్వాజలు, కిటికీలు, ఎప్పుడన్న పెండ్లి పీటలు. నడక బండి కావాల్నంటె, ఇరవై ఏండ్లయితున్నది ఎవ్వరు అడగక అన్నడు.

"నిర్మల్ బొమ్మల కర్ర ఉంటది కద పెద్దబాపు, గట్ల తేలికగ చెయ్యి" అన్న.

"అది పొణికి కర్ర బిడ్డా. దూది లెక్కుంటది, చెక్కుడు అల్కగ ఉంటది, బొమ్మకు మంచిది. పోరడు బరువేసి నూకేదానికి ఆగదు. బండికి బరువుండాలె, అప్పుడే అది నేలను పట్టుకుంటది."

చట్రానికి పాత దర్వాజల మిగిలిన టేకు, గీరలకు నల్లతుమ్మ తీసిండు. చిన్నోన్ని నిలబెట్టి పాదం నుంచి రొమ్ము దాక జానతోని కొలిచిండు. పిడి 17 అంగుళాల ఎత్తుకు వచ్చింది. వెనక రెండు గీరల నడుమ ఎడం కూడా అంతే పెట్టిండు, మలుపు తిప్పేటప్పుడు పక్కకు ఒరగొద్దని. ఇంకో మాట కూడా చెప్పిండు, ఎవరు చేయించుకున్నా ఇది చూసుకోవాలె: పిడి సరిగ్గ ఇరుసు మీదికి రావాలె, వెనక్కి వాలొద్దు. పిల్లలు పిడి పట్టుకొని గుంజుకుంట లేస్తరు. పిడి వెనక్కి ఉంటె ముందటి గీర గాలిల లేచి బండి వాళ్ల మీదనే పడ్తది.

రంద కొట్టి, గరుకు కాయితం పెట్టి రుద్దినంక ఆయన చేసిన పని నాకు ఇంక కండ్లల్ల ఉన్నది. భుజం మీది పాత దస్తీ తీసి, పిడి మీద, చట్రం అంచుల మీద మెల్లగ గుంజిండు. ఒక కాడ పోగు తట్టుకున్నది. అక్కడ వేలు పెట్టి గుర్తు పెట్టుకొని మళ్ల రుద్దిండు, మళ్ల దస్తీ గుంజిండు. "నా చేయి కాయలు కాసింది బిడ్డా, పేడు గుచ్చుకున్నా తెల్వది. దస్తీకి తెలుస్తది" అన్నడు. ఆరేడు సార్లు అట్ల చేసిండు. చట్రం అడుగున, ఎవ్వరికీ కనపడని కాడ కూడా.

ఎర్ర రంగు, పచ్చ రంగు వేస్తనని డబ్బాలు తీసిండు. నేను వద్దన్న. మావోడు దొరికిందల్ల నోట్ల పెట్టుకుంటడు, ఆ డబ్బాల మీద పేరు కూడా చెరిగిపోయింది. ఇండ్లకు వేసే రంగులల్ల సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లల్ల 90 పాళ్లు) దాటొద్దన్న నియమం మన దేశంల 2017 నవంబరు నుంచి అమల్ల ఉన్నది. అంతకు ముందటి డబ్బా ఏదో, ఎట్లాంటిదో ఎవరికి ఎరుక? ఉత్త కొబ్బరి నూనె రెండు పూటలు పట్టించినం, అంతే. అంగట్ల కొనే బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు ఉండాలె. ఊర్ల చేసిన దీనికి ఆ గుర్తు లేదు, ఎవ్వరూ పరీక్ష చేయలేదు. చూసుకునుడు మన మీదనే ఉంటది.

ఇంటికి తెచ్చినంక మొదటి వారం ఇబ్బందే అయ్యింది. ఊర్ల మట్టి వాకిట్ల మెల్లగ పోయిన బండి మా షాబాదు బండల మీద సర్రున జారుతున్నది. వాడు రెండడుగులు వేసేలోపట అది నాలుగడుగులు పోతున్నది. మా ఆయన పాత సైకిల్ ట్యూబు కోసి మూడు గీరలకు బంకతోని అతికించిండు, మొలలు కొట్టలేదు. ముందటి పలక మీద రెండు కిలోల బియ్యం సంచి కట్టినం. అప్పుడు కుదిరింది. ఇరుసు కీచుమంటుంటె అత్తమ్మ ఆముదం పోసింది. చప్పుడు పోయింది కాని నల్ల జిడ్డు కారి బండలకు, వాని చేతులకు, ఆ చేతుల నుంచి నా చీరకు అంటింది. అంత తుడిచి కొవ్వొత్తి రుద్దినం. వారం పది రోజులకొకసారి కొవ్వొత్తి రుద్దితే చాలు.

సంక్రాంతి ముందు ఇంట్ల సకినాలు పెట్టుకున్నం. పిండిల నువ్వులు, వాము కలిపి, హాలంత ఉతికిన చెద్దరు పరిచి అత్తమ్మ, మా ఆడబిడ్డ కూసొని చుడుతున్నరు. చిన్నోన్ని అర్రల పెట్టి దర్వాజకు కుర్చీ అడ్డం పెట్టిన. బండి ఉన్న సంగతి యాది మరిచిన. బియ్యం సంచితోని సహా బండిని కుర్చీకి తాకించి, కుర్చీని జరుపుకుంట వాడు బయటికి వచ్చిండు. మేం తల ఎత్తేసరికి ముందటి గీర చెద్దరు ఎక్కింది. రెండు వరుసల సకినాలు, యాభై దాక ఉంటయ్, గీర కింద పోయినయ్. ట్యూబుకు పిండి అంటి, గీర తిరిగినప్పుడల్ల బండ మీద తెల్లటి గీత పడుతున్నది.

అత్తమ్మ కోపం చేయలేదు. "ఆగు నాయనా, ఆగు బంగారం" అనుకుంట పిండి చేతులు పైకి లేపి అట్లనే కూసున్నది. వాడు బాపమ్మను చూసి పిడి ఇడిసిండు. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగోది వేయబోయి చెద్దరు మీద కూలబడ్డడు. ఆమె పిండి చేతులతోనే ఎత్తుకున్నది. వాని అంగీ వీపు మీద ఆమె రెండు చేతుల గుర్తులు పడ్డయ్. నలిగిన సకినాల పిండి ఆవుకు పెట్టినం. ఆ అంగీ మాత్రం నేను రెండు రోజులు ఉతకలేదు.

ఇప్పుడు చెడు చెప్తా, ఇది పెద్దదే. రెండో నెల ఆఖరుకు వెనక గీరను ఊడకుండ పట్టే సీల వదులైంది. ఒకరోజు వాడు ఏదో నములుతున్నట్టు అనిపించి నోట్ల వేలు పెట్టి చూస్తె ఆ సీల దొరికింది. వేలి కణుపంత కర్ర ముక్క. ఇంకొక్క గుటక అయితే ఏమయ్యేదో. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఆ పొద్దే బండి అటక మీద పెట్టిన, ఆదివారం ఊరికి తీసుకపోయిన. పెద్దబాపు చూసి చాలసేపు మాట్లాడలేదు. "ఎడ్లబండి సీల లెక్క కొట్టిన బిడ్డా, పోరని చేయి గుంజుతదని అనుకోలె" అన్నడు. పొట్టి సీలలన్ని తీసేసి, ఇరుసుకు ఇవతల నుంచి అవతలికి పోయే పొడుగు సీలలు వేసిండు, రెండు కొసలు ఉబ్బేటట్టు కొట్టిండు. పైసలు తీసుకోలేదు. ఇప్పుడు నేను గుంజినా రాదు. అయినా రోజూ పొద్దున బండి ఇచ్చే ముందు మూడు గీరలు పట్టి ఊపి చూస్తున్న. ఎవరు చేయించుకున్నా పొడుగు సీలలే కావాల్నని ముందే చెప్పాలె.

ఈ బండి ఎవరికి మంచిది? కింది ఇంట్ల ఉన్నోళ్లకు, వాకిలి ఉన్నోళ్లకు, పక్కన ఒక మనిషి ఉండగలిగే ఇంటికి. మెట్లున్న కాడ వద్దు, ఒక్క నిమిషం కూడా వద్దు. సొంతంగ గోడ పట్టుకొని లేచి నిలబడే దాక ఇయ్యొద్దు. చప్పుడు ఉంటది, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పండుకునే మనిషి ఇంట్ల ఉంటే అది లెక్కల పెట్టుకోవాలె. మేం పొద్దున వాకిట్ల, సాయంత్రం హాల్ల అని పెట్టుకున్నం. ఒక ఆదివారం భద్రకాళి చెరువు బండ్ మీదికి తీసుకపోయినం. చదునుగ ఉన్న తొవ్వ కాబట్టి మంచిగ పోయింది, మందిల మాత్రం ఎదుటోళ్ల మడిమలకు తాకుతది.

చేయించుకోవాల్నంటె మీ ఊరి వడ్లాయననే అడుగుండ్రి. పిల్లను వెంట తీసుకపోండ్రి, కొలత వాళ్ల ఒంటి మీదనే రావాలె. మాకు చేసేందుకు రెండు ఆదివారాలు పట్టింది.

మావోడు ఇప్పుడు బండి లేకుండనే నడుస్తున్నడు. బండిల ఉల్లిగడ్డలు వేసుకొని వంటింటికి తెస్తడు, కడప కాడ ఆగి నన్ను పిలుస్తడు. హుజూరాబాద్‌ల మా చెల్లె బిడ్డకు తొమ్మిదో నెల, బండి వాళ్లకు ఇయ్యాల్నని అనుకున్నం. సీలలు మార్చిన రోజే, పిడి మీద మావోని పండ్ల గాట్లు చూసి పెద్దబాపు రంద తీసిండు, నున్నగ చేసిస్తనన్నడు. దస్తీ అడిగి తీసుకొని గాట్ల మీద గుంజి చూసిన, పోగు తట్టుకోలేదు. వాటిని అట్లనే ఉండనియ్యమన్న.