షుగర్ వాళ్ల ఆలూ వేపుడుకి ఎయిర్ ఫ్రయర్: మూడేళ్లు వాడాక

మా అత్తయ్యగారికి పప్పుచారు పెట్టిన రోజున బంగాళాదుంప వేపుడు లేకపోతే ముద్ద దిగదు. షుగర్ వచ్చి చాలా ఏళ్లయినా ఆ ఒక్కటీ వదల్లేదు. వేడిగాలితో వేయించే ఈ ఎయిర్ ఫ్రయర్ మా ఇంటికి వచ్చింది ఆవిడ కోసమే. లీటర్లు, వాట్లు, బటన్ల సంగతి అన్నిచోట్లా ఉన్నదే, దాని జోలికి పోను. డబ్బా మీద దుంప ముక్కల బొమ్మ వేసి పక్కన ‘హెల్దీ’ అని రాస్తారు చూడండి, ఆ మాట మీదే నాకు ఇప్పటికీ మంట.

నూనె విషయంలో అబద్ధం లేదు. మూకుడులో గుంటగరిటెడు నూనె తాగే దుంపలకి ఇందులో టీస్పూను చాలు. అంచులు కరకరలాడతాయి, లోపల మెత్తగా ఉంటుంది. కానీ షుగర్ ఉన్న మనిషికి దుంపతో అసలు పేచీ పిండిపదార్థం దగ్గర. వంద గ్రాముల ఉడికిన దుంపలో అది సుమారు 20 గ్రాములు ఉంటుంది. నూనె ఎంత తగ్గించినా అందులో ఒక్క గ్రామూ తగ్గదు. పైగా నూనె ఉంటే తిన్నది పొట్టలోంచి కాస్త నిదానంగా కదులుతుంది, ఇక్కడ ఆ ఆటంకమూ పోయింది.

కొత్తలో ఒకరోజు, నూనె లేదు కదా అని ఆవిడ ఇంకో నాలుగు ముక్కలు వేయించుకున్నారు. రెండు గంటలకి షుగర్ మీటర్ 238 చూపించింది. మూకుడు వేపుడు తిన్న రోజున 190, 200 మధ్య ఉండేది. మీటర్లలో పదిహేను శాతం దాకా తేడా మామూలే అంటారు, సరే. కానీ ‘ఇది షుగర్ వాళ్ల మిషనన్నావు కదమ్మా?’ అని ఆవిడ అడిగితే ఏం చెప్తాం?

ఈ మిషన్ని నిలబెట్టింది ఫ్రిజ్. పూరీల్లోకని దుంపలు ఉడకబెట్టాక ఎవరో వచ్చి భోజనం బయట అయిపోయింది. దుంపలు రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. మర్నాడు తొక్క తీసి కోస్తే కత్తికి పిండి అంటలేదు, ముక్క అంచులు సబ్బుబిళ్ల కోసినంత నున్నగా వచ్చాయి. ఉప్పు, పసుపు, టీస్పూను నూనె కలిపి బుట్టలో వేస్తే ఒక్క ముక్కా చిదరలేదు, అడుగున అంటుకోలేదు. పచ్చి ముక్కలు వేసినప్పుడు మధ్యలో బిరుసుగా ఉండిపోయే బాధా లేదు. ఉడికిన దుంప చల్లారితే అందులోని పిండిపదార్థంలో కొంత చిన్నపేగులో అరిగి చక్కెర కాని రకంగా మారుతుంది, మళ్లీ వేడి చేసినా అది పూర్తిగా పోదు. దీన్నే రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు.

అప్పటినుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. దుంపలు సగం, ఉడికించిన గోరుచిక్కుడు సగం, అన్నం ఒక గరిటె తక్కువ. రీడింగ్ ఎక్కువగా 165, 175 దగ్గర ఉంటోంది. ఇందులో ఫ్రిజ్ వాటా ఎంత, గోరుచిక్కుడు వాటా ఎంత, తగ్గిన అన్నం వాటా ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను.

పచ్చి దుంపల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి పిండిపదార్థం కొంత చక్కెరగా మారి, ముక్కలు తియ్యగా అవుతాయి, వేయిస్తే ఊరికే నల్లబడతాయి. వానాకాలంలో కోల్డ్ స్టోరేజీల నుంచి వచ్చే దుంపలతోనూ ఇదే తంటా. అందుకే మిషన్‌తో వచ్చిన పుస్తకంలో 180 డిగ్రీలు, పదిహేను నిమిషాలు అని ఉన్నా నేను పన్నెండుకే తీసేస్తాను.

కరకర అన్నాను గానీ, అది తీసిన పది నిమిషాల వరకే. అత్తయ్యగారు పూజ ముగించుకుని వచ్చేసరికి మెత్తబడిపోతుంది. కరివేపాకు లోపల వేస్తే ఫ్యాను గాలికి ఎగిరి కాయిల్‌కి అంటుకుని మాడు వాసన. కారం వేస్తే ఇంటిల్లిపాదికీ దగ్గు. కాబట్టి పోపు, వెల్లుల్లికారం విడిగా చిన్న మూకుడులో వేయించి చివర్లో కలుపుతాను. అంటే టీస్పూను కాస్తా రెండు అవుతుంది, తోమడానికి గిన్నె ఒకటి ఎక్కువ.

తినేది ముగ్గురం కాబట్టి మాకు సరిపోతోంది. ముక్కలు ఒక్క వరసే పరవాలి, ఆరుగురున్న ఇంట్లో మూడు విడతలు పెట్టుకునే ఓపిక ఎవరికి? అలాంటివాళ్లు ఇవే చల్లారిన దుంపల్ని మందపాటి ఇనుప మూకుడులో రెండు టీస్పూన్ల నూనెతో సన్నమంట మీద వేయించుకున్నా దాదాపు ఇలాగే వస్తాయి, కొత్త ఖర్చు లేకుండా. అత్తయ్యగారి కిడ్నీ రిపోర్టులు బాగున్నాయి, అందుకే వారానికి రెండుసార్లు ధైర్యంగా పెడుతున్నాను. కిడ్నీ జబ్బు వల్ల దుంపల్లో ఉండే పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు, ఇన్సులిన్ తీసుకుంటూ అన్నం తగ్గించాలనుకునేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి.