నెలకో వారాంతం ఓడ మీద నుంచి: రేడియో కరోలిన్‌ని ఏళ్ల తరబడి విన్నాక

యాప్ ఎలా దించుకోవాలి, సౌండ్ ఎలా ఉంటుంది లాంటివి ఇక్కడ రాయడం లేదు. రేడియో కరోలిన్ అనే బ్రిటన్ రాక్ రేడియో స్టేషన్ పేరు విన్నవాళ్లకు అవన్నీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది నెలకో వారాంతం వాళ్లు చేసే కరోలిన్ నార్త్ ప్రసారం గురించి. పాత రాక్ పాటల కోసం చాలా చోట్ల వెతికాను, కొన్నింటికి అలవాటుపడి మళ్లీ వదిలేశాను. ఇది మాత్రం వదలలేకపోతున్నాను. ఆ వారాంతం వస్తోందంటే శుక్రవారం నుంచే నాకు హుషారు. శనివారం సాయంత్రం వంటింట్లో ఏ పని ఉన్నా ముందు స్పీకర్ పెట్టుకున్నాకే మొదలుపెడతాను.

అప్పుడు ప్రసారం రాస్ రివెంజ్ అనే ఓడ మీద నుంచి వస్తుంది. ఒకప్పుడు చేపల వేటకు వాడిన ఓడ, 1983 నుంచి రేడియో ఓడ. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎసెక్స్ తీరాన, బ్లాక్‌వాటర్ నది సముద్రంలో కలిసే చోట లంగరేసి ఉంది. ఆర్జేలు చిన్న పడవలో వెళ్లి, ఓడ ఎక్కి పాటలు వేస్తారు. వాళ్లలో కొందరు ఎనభైల్లో ఇదే ఓడ మీద పనిచేసినవాళ్లు. నన్ను కట్టిపడేసింది ఇదే. పాటకు ముందు వాళ్లు చెప్పే రెండు ముక్కలు ఎక్కడో చదివి చెప్పేవి కావు. ఆ రికార్డు మొదటిసారి చేతికొచ్చినప్పుడు తాము ఏ గదిలో ఉన్నదీ, బయట సముద్రం ఎలా ఉన్నదీ చెబుతారు. ఆ తర్వాత అదే పాట, నేను ఎన్నోసార్లు విన్న పాటే, నాకు కొత్తగా వినిపిస్తుంది.

సికింద్రాబాద్ చుట్టుపక్కల వినేవాళ్లం కొందరం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో వాదనలన్నీ ఈ ఓడ గురించే. కొండాపూర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయిది మొదటి నుంచీ ఒకటే మాట: "ఓడ మీద నుంచి పంపినా, ఒడ్డు మీద నుంచి పంపినా మన ఫోన్‌కి వచ్చేది నెట్‌లోనే కదక్కా. పాట అదే. మధ్యలో ఈ పడవ ప్రయాణాలెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. 1964లో ఓడ ఎక్కడానికి గట్టి కారణం ఉండేది. అప్పట్లో బ్రిటన్ గడ్డ మీద రేడియో అంటే బీబీసీ ఒక్కటే. సంగీతకారుల సంఘంతో, రికార్డు కంపెనీలతో ఉన్న ఒప్పందాల వల్ల అది రోజుకు కొన్ని గంటలే రికార్డులు వేయగలిగేది. కుర్రకారు అడిగే పాటలకు అందులో దక్కేది చాలా తక్కువ. రోనన్ ఓరాహిలీ అనే ఐరిష్ యువకుడు బ్రిటన్ చట్టం చేరలేని దూరంలో ఓడ నిలిపి, ఆ ఏడాది ఈస్టర్‌కి ప్రసారం మొదలుపెట్టాడు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన కెనెడీ కూతురు కరోలిన్ పేరే స్టేషన్‌కి పెట్టాడు. 1967 ఆగస్టులో ఇలాంటి ఓడలకు సాయం చేయడమే నేరమంటూ చట్టం వచ్చింది. మిగతా ఓడలు మూగబోయినా కరోలిన్ అప్పుడు ఆగలేదు. ఆ సెప్టెంబర్ 30న బీబీసీ కుర్రకారు కోసం రేడియో 1 మొదలుపెట్టినప్పుడు మొదటి కార్యక్రమం చేసిన టోనీ బ్లాక్‌బర్న్ కూడా కరోలిన్ ఓడ మీద పని నేర్చుకున్నవాడే. ఇదంతా గతం. 2017 నుంచి కరోలిన్‌కి లైసెన్సు ఉంది, 648 కిలోహెర్ట్జ్ మీద ఒడ్డు నుంచే దర్జాగా ప్రసారం చేస్తోంది. మరి ఓడ ఎందుకు?

గ్రూపులో దీనికి జవాబిచ్చేది లాలాగూడ అంకుల్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, ఆంగ్లో ఇండియన్ కుటుంబం. చిన్నప్పుడు రేడియో సిలోన్ ఇంగ్లిష్ పాటలు, తర్వాత షార్ట్‌వేవ్‌లో బీబీసీ వరల్డ్ సర్వీస్ మీద జాన్ పీల్ అనే ఆర్జే కార్యక్రమం వింటూ పెరిగారు. జాన్ పీల్ కూడా 1967లో రేడియో లండన్ అనే ఇంకో ఓడ మీద నుంచి పైకొచ్చినవాడే అని ఆయన నోటే మొదట విన్నాను. ఆ అబ్బాయితో ఆయన అనేది: "ఆ మాట్లాడేటాయన ఆ ఓడలోనే పండుకున్నడు, ఆ స్టూడియోలోనే పాటలు పెట్టిండు. ఆ సంగతి గొంతులో తెలుస్తది బాబూ."

నేను అంకుల్ పక్షమే. కానీ ఎందుకో గట్టిగా చెప్పగలిగింది పోయిన వానాకాలంలో ఒక శనివారం తర్వాతే.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి కుండపోత. తార్నాకలో మా వీధి స్తంభం దగ్గర చెట్టుకొమ్మ విరిగిపడి నెట్ కేబుల్ తెగిపోయింది. ఫోన్ చేస్తే "కంప్లైంట్ తీసుకున్నాం మేడమ్, సోమవారం వస్తారు" అన్నారు. మొబైల్ డేటా వంటింట్లో అసలు అందదు. అది ఓడ వారాంతం! నాకు టెన్షన్ మొదలైంది. అంకుల్‌కి ఫోన్ చేస్తే "ఇంటికొచ్చెయ్యమ్మా, ఇక్కడ మంచిగనే వస్తున్నది" అన్నారు. ఆటోలో లాలాగూడ వెళ్లేసరికి కొండాపూర్ అబ్బాయి అక్కడే ఉన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎవరినో ఎక్కించడానికి వచ్చి, వానకి తిరిగి వెళ్లలేక ఆగిపోయాడు.

మొదట ఇద్దరి ఫోన్లలో పెడితే ఒకదానికీ ఇంకోదానికీ అర నిమిషం తేడా. అంకుల్ ఫోన్‌లో పాట అయిపోయి మాటలు మొదలయ్యాక అబ్బాయి ఫోన్‌లో గిటార్ ఇంకా సాగుతోంది. ఒకటి ఆపేశాం. కాసేపటికి కరెంటు పోయింది. చీకట్లో చిన్న ఫోన్ స్పీకర్, బయట రేకుల మీద వాన. ఓడ మీద మాట్లాడుతున్న పెద్దమనిషి అప్పుడు 1987 గురించి ఎత్తుకున్నాడు.

రాస్ రివెంజ్ మీద అప్పట్లో 300 అడుగుల మాస్టు, అంటే ప్రసారం పంపే యాంటెన్నా స్తంభం ఉండేది, చార్మినార్‌ని మించిన ఎత్తు. ఆ అక్టోబర్ మధ్యలో దక్షిణ ఇంగ్లండ్‌ని పెనుతుపాను కుదిపేసింది. ఒడ్డున ఎన్నో స్టేషన్లు కరెంటు లేక ఆగిపోయాయి, సముద్రం మీద ఊగిపోతూనే కరోలిన్ పాటలు వేసింది. కానీ ఆ రాత్రి మాస్టు మీద పడిన ఒత్తిడి ఊరికే పోలేదు. నవంబర్ 25న మరో గాలివానకి మొత్తం కూలి సముద్రంలో పడింది. ఓడలో ఉన్నవాళ్లు కొద్ది రోజుల్లోనే తాత్కాలిక యాంటెన్నా కట్టుకుని మళ్లీ మోగించారు. ఈ వివరాలు నేను అంతకుముందే చదివాను. అయినా అతను తొందరపడకుండా, ఒక్కో మాటా ఆగి ఆగి చెబుతుంటే, ఆ తర్వాత వేసిన పాట పూర్తయ్యేదాకా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. ఈ కథ స్టూడియోలో కూర్చుని కూడా చెప్పొచ్చు. కూలిన మాస్టు కింద నిలబడిన ఇనుము మీదే కూర్చుని చెప్పినప్పుడు మనిషి గొంతు వేరుగా ఉంటుందని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది.

ఆ అబ్బాయి ఇప్పటికీ "నెట్‌లోనే కదక్కా" అంటూనే ఉన్నాడు. కాకపోతే ఓడ వారాంతం ఎప్పుడో గ్రూపులో మొదట గుర్తుచేసేది అతనే.

మొదట్లో నేను అందరికీ "ఇక వేరే రేడియో అక్కర్లేదు" అని రాశాను. ఆ మాట ఇప్పుడు ఓడ వారాంతానికి మాత్రమే అంటాను. మామూలు రోజుల్లో ప్రధాన చానెల్‌లో పాత ఆల్బమ్‌లతో పాటు కొత్త రాక్ కూడా వస్తుంది. నాకది కొంత ఇష్టమే, అంకుల్‌కి అసలు పడదు. ఆయన పాతవే వచ్చే ఫ్లాష్‌బ్యాక్ చానెల్‌కి మారిపోతారు. వాళ్లకు పొద్దున అయ్యేసరికి మనకు మధ్యాహ్నం, నేను ఆఫీసులో లెక్కల్లో మునిగి ఉంటాను. వాళ్ల రాత్రి కార్యక్రమాలు నాకు అర్ధరాత్రి దాటాక, కాబట్టి వాటి గురించి చెప్పే అర్హత నాకు లేదు.

ఇంకోటి, ఓడ మీద వాళ్లు జనరేటర్ గురించి, పడవల గురించి, మనకు తెలియని ఊళ్ల గురించి బాగా మాట్లాడతారు. మా చెల్లెలికి వినిపిస్తే కాసేపటికే "పాట ఎప్పుడొస్తుందే?" అంది. వరసగా పాటలే కావాలంటే ఇది నచ్చకపోవచ్చు. పైగా అక్కడ ఎక్కువమంది జీతం లేకుండా చేసేవాళ్లే, స్టేషన్ నడిచేదీ చాలావరకు విరాళాల మీదే. అందుకే ఎవరైనా పాట పేరు తడబడినా నాకు కోపం రాదు.

శనివారం సాయంత్రం మీ చేతిలో ఉంటే వినండి. నాకు పిల్లలు పెద్దయ్యారు, ఆ రెండు గంటలు ఎవరూ అడ్డు రారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇలా కుదురుతుందని నేను చెప్పలేను. తేదీ ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటలే. అక్టోబర్ ఆఖరి ఆదివారం నుంచి మళ్లీ ఐదున్నర.